మచ్చు పారేస్తే సరుకు మాయం

సంక్రాంతికి ఊరెళ్ళిన సాఫ్ట్‌వేరోడికి అరిసెలతో పాటు తప్పకుండా అందేవి ఇంకొన్ని ఉంటాయి: చుట్టాల ఫోన్లు. మనవాళ్ళ లెక్కలో జావా రాసేవాడు, టెస్టింగు చేసేవాడు, సర్వర్లు చూసుకునేవాడు, అంతా ఒక్కటే. "కంప్యూటర్ చదివావు కదరా, ఇదేందో చూడు" అని చేతిలో పెట్టేస్తారు. చూడకపోతే పొగరంటారు, చూస్తే సాయంత్రానికి అరుగు మీద ఇంకో నాలుగు ఫోన్లు చేరతాయి.

ఈ మధ్య ఆ ఫోన్లలో సగం గొడవలు ఫోటోలవే. అవీ మూడే రకాలు. ఒకటి, ఫోన్లో తీసినవి కంప్యూటర్లోకి రావట్లేదు. రెండు, వచ్చినవి మళ్ళీ పోయినయ్. మూడు, ఎప్పటివో పైకొచ్చి కూర్చుంటే నిన్నటివి ఎక్కడో అడుక్కి పోయినయ్. మొదటిదీ మూడోదీ ఓపికుంటే చేసి పెట్టొచ్చు. రెండోదాని దగ్గరే నాకు నోరు పెగలదు. ఎందుకంటే అందులో రిపేరు చెయ్యడానికి ఏమీ లేదు. ప్రోగ్రామ్ రాసినవాడు ఎలా పనిచెయ్యాలని అనుకున్నాడో సరిగ్గా అలాగే పనిచేసింది!

మిరప రైతుకి ఈ సంగతి కోల్డ్ స్టోరేజీ లెక్కలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. కాయ కోసి, ఎండబెట్టి, రేటు నచ్చకపోతే టిక్కీలు తీసుకెళ్ళి గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. తన దగ్గర మిగిలేది రసీదు, మచ్చుకి కాసిని కాయలు. ఫోన్లో "స్టోరేజీ ఆదా" లాంటి మీట నొక్కినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. అసలు ఫోటో ఎక్కడో సర్వర్లో ఉంటుంది, ఫోన్లో మచ్చు ఉంటుంది. వేలు పెట్టి తెరిస్తే అప్పటికప్పుడు అసలుది దిగుతుంది. ఇంతవరకూ బానే ఉంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. చేతిలో ఉన్న మచ్చు కాయలు చెత్తకుప్పలో పారేసినంత మాత్రాన కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మాయం కావు. సింక్‌లో అవుతాయి. ఫోన్ నిండిందని అమ్మ తీరిగ్గా కూర్చుని రెండొందల ఫోటోలు తుడిచేస్తే, సర్వర్లోవి పోతాయి, హైదరాబాదులో కొడుకు ల్యాప్‌టాప్‌లోవి పోతాయి, హాల్లో టీవీ మీద తిరిగేవీ పోతాయి.

చెత్తబుట్ట ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో చెత్తబుట్టలో 60 రోజులుంటుంది. ఆపిల్ వాళ్ళ ఐక్లౌడ్‌లో 30 రోజులు. ఆఫీసులో కూర్చుని ఆలోచిస్తే రెండు నెలలంటే బోలెడు టైము. కానీ ఇంట్లో ఆల్బమ్ ఎప్పుడు తెరుస్తాం? పిల్లలు వచ్చినప్పుడు. అంటే సంక్రాంతికి సంక్రాంతికి. ఎండాకాలంలో తుడిచినవి జనవరిలో గుర్తొస్తే, ఆ 60 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

మనం ఇదే సంగతి ఆఫీసులో ఎలా మాట్లాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. డిజైన్ రివ్యూలో ఎవడైనా "రెప్లికేషన్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు" అంటే చీల్చి చెండాడతాం. డ్రాప్ టేబుల్ కొడితే అది కూడా రెప్లికేట్ అవుతుందిరా నాయనా అని కొత్తగా చేరిన కుర్రాడు కూడా చెబుతాడు. అదే మనిషి ఇంటికెళ్ళి "క్లౌడ్‌లో ఉంటాయిలే అమ్మా, నువ్వు తీసెయ్" అంటాడు. కంపెనీ లాగులకి ఇచ్చిన విలువ మన ఇంటి ఫోటోలకి ఇవ్వట్లేదనేదే నా బాధ.

అసలు ఈ గందరగోళం అంతా "సింక్" అన్న మాటతో వచ్చింది. (తెలుగు ఇంటర్‌ఫేసుల్లో "సమకాలీకరణ" అని రాస్తారు. చదివితే మా అమ్మ ఏదో చరిత్ర పాఠం అనుకుంటుంది.) మాట ఒకటే, అర్థం మాత్రం కంపెనీని బట్టీ ఏడాదిని బట్టీ మారుతూ వచ్చింది. ఐట్యూన్స్ రోజుల్లో ఫోటోల సింక్ అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఒకవైపు ప్రయాణం. అలా ఎక్కించిన ఆల్బమ్‌ని ఫోన్లోనే తుడుద్దామంటే కుదిరేది కాదు, మళ్ళీ కంప్యూటర్‌కి తగిలించాల్సిందే. అదే ఫోన్‌ని ఇంకో కంప్యూటర్‌తో సింక్ చేస్తే పాత ఆల్బమ్ పోయి కొత్తది వచ్చేది. తర్వాత క్లౌడ్ వచ్చింది, ప్రయాణం రెండువైపులా అయింది. ఇక ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే పాత పద్ధతి పనిచెయ్యదు. ఫోన్ కంప్యూటర్‌కి తగిలించి ఆల్బమ్ ఎందుకు ఎక్కట్లేదని జుట్టు పీక్కునేవాళ్ళలో సగం మందికి కారణం ఇదే.

గూగుల్ వైపూ అదే కథ. డెస్క్‌టాప్ మీద పికాసా ఉండేది, 2016లో ఆపేశారు. ఇప్పటికీ దాన్ని తల్చుకుని నిట్టూర్చేవాళ్ళు నాకు తెలుసు. గూగుల్ డ్రైవ్‌కీ ఫోటోస్‌కీ మధ్య ఉన్న ఆటోమేటిక్ లంకెను 2019 జులైలో తెంపేశారు. జనం అయోమయపడుతున్నారనే తెంపామన్నారు, అది నిజమే. కాకపోతే డ్రైవ్ ఫోల్డర్ ద్వారా ఫోటోలన్నీ తమ కంప్యూటర్లోకి దింపుకునేవాళ్ళకి ఆ దారి కూడా మూసుకుపోయింది. 2021 జూన్ 1 నుంచి, కాస్త కుదించిన ఫోటోలకి ఉండే హద్దుల్లేని ఉచిత నిల్వ కూడా అయిపోయింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ. 2024లో ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్పులు కూడా ఈ 15 జీబీలోకే వచ్చి పడ్డాయి. అది నిండితే ఫోటోలు ఎక్కడం ఆగడమే కాదు, మెయిళ్ళు రావడమూ ఆగిపోవచ్చు. మనవాళ్ళ ఫోన్లలో గుడ్ మార్నింగ్ వీడియోలే సగం ఉంటాయి కాబట్టి నిండటానికి ఎంతోకాలం పట్టదు.

సరే, ఫోటోలు అసలు రావట్లేదన్న మొదటి రకం గొడవకొద్దాం. ముందు వైఫై. గూగుల్ ఫోటోస్ లాంటి యాప్‌లు మామూలుగా వైఫై ఉంటేనే బ్యాకప్ మొదలుపెడతాయి. ఎవరో కాలిఫోర్నియాలో కూర్చుని, ప్రతి ఇంట్లో వైఫై ఉంటుంది, మొబైల్ డేటా ఖరీదైంది అనుకుని పెట్టిన డిఫాల్టు అది. మన దగ్గర వ్యవహారం తిరగబడింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పర్చూరు, మార్టూరు వైపు పత్తిచేలో నిలబడ్డా డేటా వస్తుంది, ఇంటికెళ్ళినా అదే డేటా. చాలా ఇళ్ళలో వైఫై ఊసే లేదు. అంచేత ఆ యాప్ "వైఫై కోసం ఎదురుచూస్తున్నా" అంటూ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉంటుంది. రోజువారీ డేటా సగం మిగిలిపోయి అర్ధరాత్రి మురిగిపోతూ ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి మొబైల్ డేటా వాడుకోమని చెబితే చాలు. నేను చూసిన ఫోన్లలో ఎక్కువసార్లు పనిచేసిన మందు ఇదొక్కటే.

అది కాకపోతే బ్యాటరీ పొదుపు చూడండి. తక్కువ ధర ఫోన్లలో చాలా వాటికి వెనకాల నడిచే ప్రోగ్రాముల్ని చంపేయడం అలవాటు. బ్యాకప్ సగంలో చచ్చిపోతుంది, ఎవరికీ చెప్పదు. ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేసి, రాత్రి చార్జింగులో పెట్టి పడుకోమనండి. తర్వాత ఫోల్డర్లు. కెమెరా ఫోల్డర్ తప్ప మిగతావి మనం చెబితే తప్ప ఎక్కవు. వాట్సాప్‌లో వచ్చిన మనవడి ఫోటోలు ఎక్కట్లేదంటే కారణం అదే.

వైరుతో ఎక్కించేవాళ్ళకి ఇంకో రకం తిప్పలు. బజార్లో దొరికే చవక కేబుళ్ళు కొన్ని చార్జింగుకే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. కేబుల్ మంచిదైనా ఆండ్రాయిడ్ ఫోన్ మొదట్లో "చార్జింగ్ మాత్రమే" అనే ఉంటుంది. లాక్ తీసి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి. ఐఫోన్ అయితే "ఈ కంప్యూటర్‌ని నమ్మొచ్చా" అని అడిగినప్పుడు సరేననాలి. అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్లతో ఇంకో తమాషా ఉంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలు హెచ్‌ఈఐసీ అనే రూపంలో తీస్తుంది. విండోస్‌కి కాపీ చేసేటప్పుడు దారిలోనే జేపెగ్‌గా మార్చబోయి సగంలో చతికిలబడుతుంది. తెరమీద మాత్రం "పరికరం పనిచెయ్యట్లేదు" అన్న అర్థంలో ఒక ఎర్రర్ కనబడుతుంది. పరికరం లక్షణంగా ఉంది! ఫోటోస్ సెట్టింగుల్లో అడుగున, పీసీకి పంపేటప్పుడు "ఆటోమేటిక్" అని ఉన్నదాన్ని "ఒరిజినల్స్ అలాగే ఉంచు" అని మారిస్తే కాపీ సాఫీగా అయిపోతుంది. ఇంకొక్క మాట. ఫోన్ నుంచి ఎక్కించేటప్పుడు కట్-పేస్ట్ ఎప్పుడూ చెయ్యకండి. కాపీ చేసి, రెండు పక్కలా లెక్క సరిపోయిందని చూసుకుని, ఆ తర్వాతే తుడవండి. మధ్యలో కేబుల్ కదిలితే కట్ చేసినవి ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

తేదీలు తలకిందులవడం చాలామందికి చిన్న విషయంలా కనబడుతుంది. రైతు ఇంట్లో అది చిన్నది కాదు. 2021 ఖరీఫ్‌లో వేసిన మిరపకి మా వైపు నల్లతామర పురుగు పట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పూతలన్నీ పీల్చేసి రాల్చేసింది. పెట్టుబడి తిరిగి రాదని తోటలు దున్నేసినవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడు ప్రతి రైతు ఫోన్లోనూ పూల ఫోటోలే. ఆ పురుగు సైజు మిల్లీమీటరు, అటూ ఇటుగా. పువ్వు దులిపి అరచేతిలో వేసుకుంటే నల్ల నలుసుల్లా కదులుతాయి. ఆ ఫోటోని వాట్సాప్‌లో పంపితే, అది కుదించి పంపుతుంది. నలుసులు కాస్తా మసకైపోతాయి. అవతల చూసేది పురుగుమందు కొట్టువాడైనా లాం ఫారం శాస్త్రవేత్త అయినా ఆ మసకలో ఏం చెప్పగలడు? ఫోటో ఎప్పుడు, ఎక్కడ తీశారో చెప్పే ఎగ్జిఫ్ వివరాలనూ వాట్సాప్ తీసేస్తుంది. పేరులో ఒక తేదీ మిగులుతుంది కానీ అది వాట్సాప్‌లోకి చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. నవంబరులో తీసిన పూత ఫోటోని ఎవరో ఫిబ్రవరిలో గ్రూపులో పెడితే, అందుకున్నవాడి ఆల్బమ్‌లో అది ఫిబ్రవరి పూత అవుతుంది. అసలు ఫోటో పంపాలంటే "డాక్యుమెంట్" అని ఎంచుకుని పంపాలి. 2023లో వచ్చిన హెచ్‌డీ మీట కొంత నయమే కానీ అందులోనూ కుదింపు ఉంది.

"పోయిన ఏడు ఇదే రోజులకి చేను ఎట్టా ఉందో చూద్దామంటే ఫోటోలు యాడున్నయ్యో తెలియట్లా అబ్బాయా" అని మా వీధిలో బాబాయి ఒకాయన అడిగాడు. ఆయన డైరీ రాయడు. ఎప్పుడు నారు పోశాడు, ఎప్పుడు మందు కొట్టాడు, ఏ మందు డబ్బా, ఏ విత్తనం ప్యాకెట్టు, ఏ లాట్ నంబరు, అన్నీ ఫోటోలే. రేపు విత్తనం మొలవక గొడవైతే ఆయన చూపించగలిగింది ఆ ప్యాకెట్టు ఫోటోనే. మనం వాటిని "ఫోటోలు" అంటున్నాం కానీ ఆయనకి అది చిట్టా పుస్తకం. వరుస తప్పితే పుస్తకం చిరిగినట్టే.

కెమెరాలతో తీసిన పెళ్ళి ఆల్బమ్‌లదీ ఇదే వరస, కాకపోతే కాస్త నవ్వొస్తుంది. డాలస్ నుంచి వచ్చిన అన్నయ్య కెమెరా గడియారం డాలస్ టైములోనే ఉంటుంది. చలికాలంలో మనకీ వాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. ఉదయం పదింటికి కట్టిన తాళి ఆల్బమ్‌లో ముందురోజు రాత్రి పదిన్నరకి కట్టినట్టు పడుతుంది, పెళ్ళికూతురిని చెయ్యడం కంటే ముందు! ఎగ్జిఫ్‌లో టైము రాసే గడికి చాలాకాలం టైమ్‌జోన్ అన్నదే లేదు. 2016లో వచ్చిన 2.31 వెర్షన్లో గానీ దానికి చోటు దొరకలేదు. ఎగ్జిఫ్‌టూల్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఒక్క కమాండుతో ఫోల్డర్ మొత్తాన్నీ పదకొండున్నర గంటలు ముందుకి జరపొచ్చు. (ముందు ఒక కాపీ పెట్టుకుని చెయ్యండి.) అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నరసరావుపేట పల్నాడులోకి, పర్చూరు బాపట్లలోకి వెళ్ళాయి. ఫోటోలో ఉండే అక్షాంశ రేఖాంశాలు మారవు కాబట్టి జిల్లా పేరుతో వెతికేవాళ్ళకే ఇబ్బంది, ఊరిపేరుతో వెతికితే దొరుకుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, అకౌంటు ఒక్కటీ ఒక ఎత్తు. ఈ మొత్తం వ్యవస్థ ఒక మనిషి, ఒక అకౌంటు, గుర్తున్న పాస్‌వర్డు అనే మూడు ఊహల మీద కట్టారు. మన ఊళ్ళో ఆ మూడూ అబద్ధమే. ఫోన్ కొన్న రోజున సెల్ షాపు కుర్రాడు ఏదో పేరుకి నాలుగంకెలు తగిలించి ఒక మెయిల్ ఐడీ చేస్తాడు, పాస్‌వర్డు వాడికే గుర్తుండదు. రెండేళ్ళకి ఫోన్ పాడైతే ఇంకో షాపు, ఇంకో ఐడీ. పాత ఫోటోలు పాత ఐడీలోనే ఉండిపోతాయి. ఫోన్ మారితే ఫోటోలు పోతాయని మనవాళ్ళు అనుకుంటారు, అవి పోలేదు, తాళం పోయింది. ఇప్పుడు అసలు చిక్కు: రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత అకౌంట్లను తీసేస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది, ఆ ఏడు డిసెంబరు నుంచి అమలు మొదలైంది. అకౌంటు పోతే అందులో ఫోటోలూ పోతాయి. హెచ్చరిక మెయిల్ పంపుతారు, ఆ అకౌంటుకీ, రికవరీ మెయిల్ ఇచ్చి ఉంటే దానికీ. ఇచ్చి ఉంటే కదా!

ఇంటి పెద్ద పోయినప్పుడు ఇంకా కష్టం. ఓటీపీ వచ్చే నంబరు ఆయనది. కర్మకాండల హడావుడిలో రీచార్జి ఎవరికి గుర్తుంటుంది? కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకెవరికో వెళ్ళిపోతుంది. గూగుల్ 2013 నుంచే "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఒకటి ఇచ్చింది, నేను కొన్ని నెలలు కనబడకపోతే ఫలానావాళ్ళకి నా డేటా అందేలా చూడమని ముందే రాసిపెట్టొచ్చు. ఆపిల్ 2021 డిసెంబరులో "లెగసీ కాంటాక్ట్" తెచ్చింది. మన ఇళ్ళలో ఎవరూ వీటి జోలికి వెళ్ళరు. నాన్నతో కూర్చుని "నువ్వు పోయాక" అని మొదలుపెట్టడానికి నోరు రాదు, నిజమే. "ఫోన్ పోతే" అని మొదలుపెట్టండి, పని అదే అవుతుంది.

నెలనెలా డబ్బు కట్టి ఎక్కువ స్టోరేజీ కొనేస్తే ఈ గోలంతా ఉండదు కదా అని మా టీమ్‌లో ఒకతను వాదించాడు. నేనూ కడుతున్నాను, కట్టొద్దనట్లేదు. కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ చోటు అద్దెకి తీసుకుంటే ఎక్కువ టిక్కీలు పడతాయి. మచ్చు పారేస్తే సరుకు మాయమయ్యే నిబంధన మాత్రం మారదు. పైగా కట్టడం మానేసిన నాడు ఏంటన్నది ఇంకో ప్రశ్న. మనం కొన్నాళ్ళు కార్డు మార్చి, ఇల్లు మారి మర్చిపోతాం, కొడుకు కట్టే ప్లాను మీద తండ్రి ఆల్బమ్ బతకడం నాకు నచ్చదు.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా. నేను మా ఇంట్లో చేసేది దీనికి పల్లెటూరి రూపం. ఫోన్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, బీరువాలో పట్టుచీరల పక్కన ఒక హార్డ్ డిస్కులో ఒకటి. ఆ డిస్కు సింక్ అవదు. పండక్కి వెళ్ళినప్పుడు నేనే కూర్చుని అందరి ఫోన్లూ అందులోకి కాపీ చేస్తాను, ఎవరిది వాళ్ళ పేరుతో, ఏడాదికో ఫోల్డరు. అందులోంచి ఏదీ తుడవను, చెత్త ఫోటో అయినా సరే. క్లౌడ్ నుంచి దింపుకునేవాళ్ళు గూగుల్ టేకౌట్ వాడితే, ఫోటో పక్కనే వచ్చే జేసన్ ఫైళ్ళను చెత్త అనుకుని పారెయ్యకండి, మీరు చేత్తో సరిచేసిన తేదీలూ రాసుకున్న వివరణలూ వాటిలోనే ఉంటాయి. ఐడీలు, పాస్‌వర్డులు, రికవరీ నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాసి అదే బీరువాలో పెట్టాం. సెక్యూరిటీ వాళ్ళు వింటే మొహం చిట్లిస్తారు, కానీ మా ఊళ్ళో మా అమ్మ బీరువా తాళం కొట్టేసే హ్యాకర్ ఇంకా పుట్టలేదు.

డిస్కు కొనగానే ఫార్మాట్ ఏముందో చూసుకోండి. ఫ్యాట్32 అయితే ఎగ్జ్‌ఫ్యాట్‌కి మార్చండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, మన పెళ్ళి వీడియోల్లో అప్పగింతలొక్కటే ఆ హద్దు దాటేస్తుంది.